గుడి, మసీదు, చర్చి మైకు నిద్ర చెడగొడుతుంటే: ఒక మైక్ సెట్టువాడి సలహా

కడపలో మైక్ సెట్లు అద్దెకివ్వబట్టి ఇరవై ఆరేళ్ళయింది. చవితి పందిళ్ళకూ, ఉరుసుకూ, క్రిస్మస్ కూటాలకూ నా బాక్సులే పోతాయి. కాబట్టి ఈ గోలలో నా వాటా కూడా ఉంది.

ఒకసారి ఐదు రోజుల భజనకని వేపచెట్టుకు రెండు హారన్లు కట్టాను. రెండో రోజు రాత్రి ఎదురింటామె నెల తిరగని బిడ్డను భుజాన వేసుకొని వచ్చింది. "అన్నా, భజన ఆపమనడం లేదు. ఆ గొట్టం మా కిటికీలోకి పెట్టినావే, అది తిప్పు చాలు" అనింది. నిచ్చెనేసి హారన్లు గుడి వైపు తిప్పి, కిందికి వంచాను. ఐదు నిమిషాల పని. భజనకు వచ్చినవాళ్ళకు తేడా కూడా తెలియలేదు.

అందుకే మొదట మాట్లాడండి. కానీ మైకు మోగుతుండగా పోవద్దు. అప్పుడు మీకు కోపం, వాళ్ళకు పౌరుషం. మరుసటి రోజు పొద్దున పోండి. గుడైతే కమిటీ పెద్దను, మసీదైతే ముతవల్లిని, చర్చయితే పాస్టరయ్యను కలవండి. ఆ మతానికే చెందిన పెద్దమనిషి ఒకరు తోడుంటే సగం పని అయినట్టే. "మీవాళ్ళు" అనే మాట నోట రానీయవద్దు. అది వచ్చిందంటే మాట మైకు మీద నుంచి మతం మీదికి పోతుంది. మా నాయనకు గుండె ఆపరేషన్ అయింది, మా పాపకు ఇంటర్ పరీక్షలు అని ఉన్న సంగతే చెప్పండి.

"సౌండు తగ్గించండి" అంటే లాభం లేదు, ఎవరికి వాళ్ళు తగ్గించామనే అనుకుంటారు. ఫలానాది చేయండని అడగాలి. హారన్ దూరానికి విసురుతుంది, కాబట్టి దాన్ని తీసి లోపల చిన్న బాక్సులు పెట్టమనండి. యాంప్లిఫయర్ నాబ్ పక్కన మార్కర్‌తో గీత గీయించండి, అది దాటకూడదని. నా సెట్లకు నేనే గీసి పంపిస్తున్నా.

వినకపోతే చట్టం ఉంది. రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛ ఇస్తూనే ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి అని చెప్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మోగకూడదు. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం 12 గంటల దాకా సడలించొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. ఇళ్ళున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. తెల్లవారుజామున సుప్రభాతమైనా, అజానైనా 6కు ముందు మైకులో అయితే లెక్క ఒకటే. మైకు లేకుండా నోటితో చేసుకుంటే అడ్డుచెప్పే హక్కు మీకు లేదు, ఆ ఊసే ఎత్తొద్దు. చెన్నైలో ఒక చర్చి కేసులో 2000లోనే సుప్రీంకోర్టు ఏమన్నదంటే, ఇతరుల శాంతిని చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని.

వారం రోజులు తేదీ, టైము రాసుకోండి, ఫోన్‌లో వీడియో తీయండి. డెసిబెల్ యాప్ అంకె కోర్టులో నిలవకపోవచ్చు గానీ, మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. అర్జీలో చోటు, సమయం, అనుమతి ఉందా అన్న ప్రశ్న చాలు, మతం పేరు వద్దు. స్టేషన్‌లో ఇచ్చి రసీదు అడగండి, కదలకపోతే డీఎస్పీకి ఇవ్వండి. అర్ధరాత్రి అయితే 112. ఇంకోటి, మీ సందులో చవితి డీజేకు చందా ఇచ్చి, పక్క సందు మైకు మీద అర్జీ పెడితే ఎస్సై నవ్వుతాడు.

ఇప్పుడు నా బిల్లు మీద "రాత్రి 10కి ఆఫ్" అని అచ్చు వేయించాను. దాంతో రెండు కమిటీలు వేరే షాపుకు పోయాయి. ఒకటి మొన్న తిరిగొచ్చింది, అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు.