ఫుట్‌బాల్ జెర్సీని స్టైల్‌గా వేసుకోవడం ఎలా?

2018 జూన్ 1న లండన్‌లోని నైకీ షోరూమ్ ముందు కుర్రకారు బారులు తీరారు. షూస్ కోసం కాదు, నైజీరియా జట్టు వరల్డ్ కప్ జెర్సీ కోసం! అదే ఏడాది పారిస్ సెయింట్ జెర్మేన్ క్లబ్, బాస్కెట్‌బాల్‌తో పేరు తెచ్చుకున్న జోర్డాన్ బ్రాండ్‌తో కలిసి జెర్సీలు తెచ్చింది. గ్రౌండ్‌లో వేసుకునే చొక్కా ఇప్పుడు కాలేజీకీ, కెఫేకీ కూడా వస్తోంది. మీరూ వేసుకోవాలనుకుంటే ఇలా మొదలుపెట్టండి.

1. ముందు జెర్సీ కథ తెలుసుకోండి

అందరూ వేసుకునే స్టార్ ప్లేయర్ జెర్సీ కన్నా, మీకు కథ తెలిసిన జెర్సీయే మీకు బాగా నప్పుతుందని నా నమ్మకం. నైజీరియా చొక్కా మీది ఆ జిగ్‌జాగ్ గీతలు 1994లో ఆ దేశం ఆడిన తొలి వరల్డ్ కప్‌ను గుర్తుచేస్తాయి. 2023 జమైకా జెర్సీలను డిజైన్ చేసిన గ్రేస్ వేల్స్ బోనర్ తండ్రి మూలాలు జమైకావే. ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ 1991–93 పసుపు జెర్సీని ‘కమిలిన అరటిపండు’ అని అప్పట్లో ఎగతాళి చేశారు. తర్వాత దానికి ఎంత క్రేజ్ వచ్చిందంటే, 2019లో అడిడాస్ అదే డిజైన్‌ను కొత్తగా తెచ్చింది. మన దగ్గరివాళ్లయితే 2021–22లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీని ఎందుకు వదిలేయాలి?

2. ఫ్యాన్ వెర్షన్ తీసుకోండి

ప్లేయర్ వెర్షన్ ఒంటికి అతుక్కున్నట్టు ఉంటుంది, ధర కూడా ఎక్కువ. ఫ్యాన్ వెర్షన్ వదులుగా ఉంటుంది కాబట్టి రోజువారీకి అదే హాయి. వీలైతే మీ సైజు కన్నా ఒక సైజు పెద్దది తీసుకోండి. భుజం కుట్టు కాస్త కిందికి జారితే ఆ వదులు లుక్ వస్తుంది.

3. అసలుదో కాదో చూడండి

జెర్సీ లోపలి చిన్న లేబుల్ మీద ప్రొడక్ట్ కోడ్ ఉంటుంది. దాన్ని నెట్‌లో వెతికితే అదే జెర్సీ, అదే రంగులో కనిపించాలి. వేరేది వస్తే అది నకిలీ అనుకోవచ్చు. అయితే కోడ్ కలిసినంత మాత్రాన నమ్మేయకండి. కుట్లు, క్లబ్ లోగో కూడా పరీక్షగా చూడండి. ‘ఫస్ట్ కాపీ’ అని అమ్మేవి ఎంత నీట్‌గా ఉన్నా నకిలీవే. బడ్జెట్ తక్కువైతే, నమ్మకమైన చోట సెకండ్‌హ్యాండ్‌లో అసలు జెర్సీ కొనడం మేలు.

4. మిగతావన్నీ సాదాగా

జెర్సీలో రంగులు, స్పాన్సర్ పేరు, నంబర్ అన్నీ ఉంటాయి. కాబట్టి కింద ప్లెయిన్ బ్యాగీ జీన్స్ గానీ కార్గో ప్యాంట్ గానీ చాలు. పాదాలకు అడిడాస్ సాంబా లాంటి సన్నని స్నీకర్స్ బాగుంటాయి. సాంబా కూడా ఫుట్‌బాల్ షూగా పుట్టిందే. జెర్సీకి మ్యాచింగ్ షార్ట్స్, సాక్స్ మాత్రం వద్దు. అవి వేస్తే ప్రాక్టీస్‌కి వెళ్తున్నట్టే ఉంటుంది. మన ఎండల్లో పాలిస్టర్‌కి చెమట వాసన త్వరగా పడుతుంది, లోపల పల్చటి కాటన్ బనియన్ వేసుకోండి.

5. ఉతికేటప్పుడు

తిరగేసి, చన్నీళ్లలో ఉతకండి. బ్రష్ వద్దు, డ్రయ్యర్ వద్దు. నీడలో ఆరేయండి. పేరు, నంబర్ మీద ఇస్త్రీ పెట్టె తగిలితే ప్రింట్ కరిగిపోతుంది. ముడతలు తీయాలంటే లోపలివైపు పల్చటి గుడ్డ పరిచి తక్కువ వేడితో రుద్దండి.