ఫిల్టర్ తిరుగుతోంది, చేపలు చస్తున్నాయి: పట్టించుకోని అక్వేరియంలో ముందు ఏం చూడాలి

"అన్నా, ఫిల్టర్‌లో దుకాణంలో అమ్మే ఏ బ్యాక్టీరియా సీసా పోయమంటావు?" ఫోన్ ఎత్తగానే ఇదే ప్రశ్న. ట్యాంకు వైపు చూసి ఎన్ని నెలలైందో చెప్పరు. ఫిల్టర్‌లోంచి నీళ్లు వస్తున్నాయో లేదో అస్సలు చెప్పరు. చెన్నైలో మనవాళ్ల ఇళ్లలో ఇలాంటి ట్యాంకులు చాలా బాగుచేశాను, కథ ఎక్కడైనా ఒకటే. పిల్లాడు మారాం చేస్తే కొళత్తూరు చేపల దుకాణాలకు వెళ్లి రెండడుగుల ట్యాంకు, రెండు గోల్డ్‌ఫిష్, లోపల పెట్టే ఫిల్టర్ ఒకటి పట్టుకొస్తారు. ఆరు నెలలు ముద్దుగా చూస్తారు. తర్వాత పిల్లాడికి ట్యూషన్లు, పెద్దవాళ్లకు ఆఫీసులు. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే తప్ప ట్యాంకు ఎవరికీ గుర్తుకురాదు.

సీసా సంగతి తర్వాత చూద్దాం.

నీళ్లు సన్నగా కారుతున్నాయి, లేదా రావడమే లేదు

మోటారు చప్పుడు వినిపిస్తోంది కదా అని ఫిల్టర్ పనిచేస్తోందనుకోకండి. నీళ్లు బయటికొచ్చే మూతి ముందు అరచేయి పెట్టండి. తోపు తగలాలి. తగలకపోతే ప్లగ్ పీకేసి, మోటారు విప్పి, లోపల తిరిగే చిన్న రెక్కను బయటికి లాగండి. దానికి నల్లటి జిగురు పట్టి ఉంటుంది, ఒక్కోసారి ఆవగింజంత నత్త ఇరుక్కుని ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌తో తోమితే రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాలకు బద్ధకించి కొత్త ఫిల్టర్ కొన్నవాళ్లు ముగ్గురు తెలుసు నాకు.

ఫిల్టర్ లోపలి స్పాంజ్‌ని కొళాయి కింద కడగొద్దు. ట్యాంకు నీళ్లే ఒక మగ్గు బకెట్‌లోకి తీసి, అందులో మూడు నాలుగుసార్లు పిండండి. కొళాయిలో వచ్చే మెట్రో వాటర్‌లో క్లోరిన్ ఉంటుంది, దాన్ని కలిపేదే బ్యాక్టీరియాను చంపడానికి. మనం పెంచాలనుకునేదీ బ్యాక్టీరియానే. పిండాక స్పాంజ్ ఇంకా గోధుమరంగులోనే ఉంటే అదే సరైన రంగు. కొత్తదానిలా మెరిసిందంటే మీరు కడిగింది మురికిని కాదు, ఫిల్టర్‌నే.

నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి

అడగండి, తొంభై శాతం ఇదే: స్పాంజ్ కొత్తది మార్చారు, గులకరాళ్లు బయటికి తీసి కడిగారు, అద్దాలు తుడిచారు, అన్నీ ఒకే ఆదివారం. చేపల మలమూత్రాల నుంచి వచ్చే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. అవి నీళ్లలో ఈదుతూ ఉండవు, స్పాంజ్‌కి, రాళ్లకు అంటుకుని ఉంటాయి. వాటిని మోరీలో పోసేశారు. మళ్లీ మొదటి నుంచి పెరగాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు. ఆ లోపు మేత నాలుగో వంతుకు తగ్గించండి, గాలి రాయి (నీళ్లలో గాలి బుడగలు వదిలేది) పెట్టండి, రోజూ పది శాతం నీళ్లు మార్చండి. తెలిసినవాళ్ల ఇంట్లో చేపలు ఆరోగ్యంగా ఉన్న పాత ట్యాంకు ఉంటే, వాళ్ల స్పాంజ్ ముక్క ఒకటి కత్తిరించి తెచ్చి మీ ఫిల్టర్‌లో కుక్కండి. ఏ సీసా దానికి సాటిరాదు. తడి ఆరనివ్వకుండా తేవాలి, అంతే.

ఏళ్లుగా బతికిన చేపలు, శుభ్రం చేసిన రాత్రే పోయాయి

నా చేతులు కాలింది ఇక్కడే. కాస్త పొడుగ్గా చెప్తాను.

విల్లివాక్కంలో ఒక అక్క ఇంట్లో నాలుగేళ్ల ట్యాంకు. అడుగున రెండు వేళ్ల మందం బురద, నీళ్లు టీ రంగు, అయినా రెండు గోల్డ్‌ఫిష్ హాయిగా తిరుగుతున్నాయి. నేను హుషారుగా ముప్పాతిక నీళ్లు తోడేసి, బోరు నీళ్లు నింపి, జాగ్రత్తకి క్లోరిన్‌ను తీసేసే మందు, యాంటీ క్లోరిన్, కూడా వేశాను. అద్దంలా తయారైంది. కాఫీ తాగి వచ్చేశాను. పొద్దున ఆరింటికి ఫోన్: "తమ్ముడూ, రెండూ అడుగున పక్కకి పడి ఉన్నాయిరా. నిన్న నువ్వు చేయి పెట్టకముందు బానే ఉన్నాయి కదా." మందు డోసు ఎక్కువైందేమో అనుకుని సరిపెట్టుకున్నాను. కొన్నాళ్లకు ఇంకో ఇంట్లో అచ్చం అలాగే. మూడో ఇంట్లో మాత్రం నీళ్లు తోడకముందు పాత నీళ్లకు టెస్ట్ చేశాను.

కేహెచ్ టెస్ట్ ఉంటుంది చూడండి, చిన్న గొట్టంలో 5 మిల్లీలీటర్ల ట్యాంకు నీళ్లు పోసి చుక్కలు వేస్తాం. మొదట నీలంగా మారుతుంది, ఎన్నో చుక్కకు పసుపైతే కేహెచ్ అన్ని డిగ్రీలు. కేహెచ్ అంటే ఏంటో కింద చెప్తాను. ఆ ఇంట్లో మొదటి చుక్కకే నేరుగా పసుపు. నీలం కనపడనే లేదు. నీళ్లు ఎంత పులుపో చెప్పే పీహెచ్ టెస్ట్‌లో అన్నిటికన్నా కింది రంగు, అంటే 6 లేదా అంతకన్నా తక్కువ. అమ్మోనియా గొట్టం పసుపుగా ఉండాల్సింది, ముదురు ఆకుపచ్చ, అంటే అమ్మోనియా బాగా ఎక్కువ. ఈ నీళ్లలోనే చేపలు రెండేళ్లుగా తోక ఊపుతున్నాయి.

"ఏ నీళ్లు పోస్తారు?" అన్నాను. "ఫిల్టర్ వాటరేనండి, క్యాన్ నీళ్లు. చేపలకి మంచిదని." దొంగ దొరికాడు.

మనం తాగే క్యాన్ నీళ్లు, ఇంట్లో ఆర్వో నీళ్లు, వీటిలో ఖనిజాలు దాదాపు ఉండవు, కేహెచ్ కూడా అంతే. కేహెచ్ అంటే నీళ్లలో ఉండే కార్బనేట్లు, పీహెచ్ పడిపోకుండా పట్టుకునే తాడు లాంటివి. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా అమ్మోనియాను మారుస్తూ ఆ కార్బనేట్లను తింటాయి: ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు, కాల్షియం కార్బనేట్ లెక్కన, ఏడు మిల్లీగ్రాములకు పైగా. చెన్నై ఎండకు నీళ్లు ఆవిరవుతుంటే పైన క్యాన్ నీళ్లు కలపడం, పాతవి తీయకపోవడం. ఇలా ఏడాది గడిస్తే తాడు తెగుతుంది. పీహెచ్ ఆరుకు జారుతుంది, బ్యాక్టీరియా పని మానేస్తాయి. మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు తోస్తూనే ఉంటుంది. అమ్మోనియా మాత్రం పోగవుతూ ఉంటుంది.

మరి చేపలు ఎలా బతికాయి? పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు అమ్మోనియా దాదాపు అంతా అమ్మోనియం రూపంలో ఉంటుంది, అది పెద్దగా కాటేయదు. నీళ్లు 30 డిగ్రీల వేడిలో ఉంటే, పీహెచ్ 6 దగ్గర వెయ్యిలో ఒక వంతు కూడా విషం కాదు. అదే పీహెచ్ 8కి చేరితే వందలో ఏడెనిమిది వంతులు విషం. అంటే వంద రెట్లు. ఇప్పుడు నేను అక్క ఇంట్లో చేసింది గుర్తు తెచ్చుకోండి. మిగిలిన పావు వంతు పాత నీళ్లలో ఉన్న అమ్మోనియం, బురద కెలికితే వచ్చింది ఇంకొంత, పైన ఖనిజాలు ఎక్కువున్న బోరు నీళ్లు. పీహెచ్ ఒక్క గంటలో ఎగబాకింది. నిద్రపోతున్న పామును నేనే తట్టి లేపాను.

కాబట్టి ట్యాంకు ఏళ్ల తరబడి వదిలేసిందైతే, మగ్గు ముట్టకముందు కేహెచ్, పీహెచ్, అమ్మోనియా, ఈ మూడు టెస్టులు. కిట్ లేకపోతే కొళత్తూరులో ఏ దుకాణంలో అడిగినా దొరుకుతుంది. అన్నీ బాగుంటే మామూలుగా శుభ్రం చేసుకోండి, రెండు వారాలకు పంచి. కేహెచ్ సున్నా, అమ్మోనియా ఆకుపచ్చ వస్తే ఇలా:

మేత ఆపేయండి. ఆరోగ్యంగా ఉన్న గోల్డ్‌ఫిష్ నాలుగైదు రోజులు తినకపోతే ఏమీ కాదు, "పాపం ఆకలి" అనే అమ్మమ్మను కాస్త పక్కకి పంపించండి. గాలి రాయి పెట్టండి. అడుగు బురదను కదపొద్దు. రోజుకు ఐదారు లీటర్ల చొప్పున (రెండడుగుల ట్యాంకులో గులకరాళ్లు పోను 50 లీటర్ల దాకా నీళ్లుంటాయి) తీసి, అదే క్యాన్ నీళ్లు పోయండి. అవును, ఆ క్యాన్ నీళ్లే. పీహెచ్ లేవకుండా అమ్మోనియాను పలచన చేయడానికి ఇప్పుడు అవే పనికొస్తాయి. ఆకుపచ్చ లేతబడి పసుపు వైపు రావడానికి వారం పైనే పట్టొచ్చు. నాలుగైదు రోజులు దాటితే రోజు మార్చి రోజు చిటికెడు మేత వేయండి. తొందరపడి రెండో రోజే కొళాయి నీళ్లు పోసి, మూడో రోజు నాకు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు.

అమ్మోనియా దిగాక కేహెచ్ పెంచండి. వంట సోడా, ఒకటిన్నర గ్రాము, అంటే పావు టీస్పూను, ఒక గ్లాసు నీళ్లలో కరిగించి మెల్లగా పోయండి. 50 లీటర్లకు దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. రోజుకు ఒక డిగ్రీ మించొద్దు, నాలుగు దగ్గర ఆగండి. వంట సోడా అంటే వంట సోడానే. బేకింగ్ పౌడర్ కాదు, బట్టల సోడా అంతకన్నా కాదు. పోసిన రోజు పొద్దున, సాయంత్రం అమ్మోనియా చూడండి. మళ్లీ ఆకుపచ్చ ఎక్కుతుంటే ఆ రోజుకు సోడా ఆపండి. ఇప్పుడు, ఈ దశలో, ఎవరి ట్యాంకులోంచైనా తెచ్చిన స్పాంజ్ ముక్క పెట్టండి. ముందే పెట్టి ఉంటే అందులోని బ్యాక్టీరియా కూడా పని మానేసేవి. ఆపైన బురదను వారానికి ఒక మూల చొప్పున లాగండి.

ఇకమీదట క్యాన్ నీళ్లు సగం, యాంటీ క్లోరిన్ వేసిన కొళాయి నీళ్లు సగం. ఒక గుడ్డ సంచిలో పిడికెడు పగడపు రాళ్లు కట్టి ఫిల్టర్‌లో పెట్టుకుంటే పీహెచ్ పడినప్పుడల్లా అవి కొంచెం కొంచెం కరుగుతాయి. నెలకోసారి కేహెచ్ చుక్కలు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ మాత్రం కనిపిస్తోందంటే ఫిల్టర్ నిలబడినట్టే.

మిగతావి

మిథిలీన్ బ్లూ, యాంటీబయాటిక్ మందులు ట్యాంకులో వేసి ఉంటే ఫిల్టర్ బ్యాక్టీరియా దెబ్బతింటాయి. మందు వేసేది వేరే బకెట్‌లో. కరెంటు అరపూట పోయి వచ్చాక మూత బిగించిన ఫిల్టర్‌లోంచి కుళ్లు వాసన వస్తే, ప్లగ్ పెట్టే ముందు లోపలి నీళ్లు పారబోయండి. మే నెలలో వేడికి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, గాలి రాయితో సరి. నీళ్లలో రాగి, పెయింటు వాసనలు, ఇలాంటివి ఇన్నేళ్లలో ఒకటో రెండో చూశాను, అక్కడి నుంచి మొదలుపెట్టకండి.

ఇక రెండడుగుల ట్యాంకులో అరచేతంత గోల్డ్‌ఫిష్‌లు నాలుగు పెట్టుకుని ఫిల్టర్ ఎందుకు నిలవట్లేదని అడిగేవాళ్లు నాకు ఫోన్ చేయొద్దు. మూడింటిని దుకాణంవాడికి తిరిగిచ్చేసి, అప్పుడు చేయండి.