డుకాటి ఎంహెచ్ 900 ఇ: నిలబెట్టిన బండికి పట్టే రోగాలు

డాలస్ నుంచి తమ్ముడు వరసయ్యే కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, డుకాటి ఎంహెచ్ 900 ఇ బండి కొన్నా. ఇరవై ఏళ్ళు దాటింది గానీ మీటర్ మీద 900 మైళ్ళే. కొత్తదాని కిందే లెక్క కదా?"

కాదు నాయనా. ఆ 900 చూసే నాకు భయమేసింది. ఇరవై వేల మైళ్ళు తిరిగిన బండికి ఎవరో ఒకరు నూనె మార్చి ఉంటారు, బెల్టు మార్చి ఉంటారు. దీన్ని ఎవరూ ముట్టుకుని ఉండరు.

బ్రిటిష్ రేసర్ మైక్ హెయిల్‌వుడ్ పదకొండేళ్ళ తర్వాత ఐల్ ఆఫ్ మాన్ టీటీ అనే బైకు రేసుకి తిరిగొచ్చి 1978లో ఇటలీ కంపెనీ డుకాటి బండి మీద గెలిచాడు. ఆ గెలుపును తలుచుకుంటూ డిజైనర్ పియెర్ టెర్‌బ్లాంష్ గీసిన బండి ఇది. 1998లో మ్యూనిక్‌లో చూపించారు. 2000 జనవరి 1న ఇంటర్నెట్‌లో 15,000 యూరోలకి అమ్మకం మొదలుపెట్టారు. చేసినవి మొత్తం 2,000. వాటిలో చాలా బళ్ళు రోడ్డెక్కకుండా దుప్పటి కిందే ఉండిపోయాయి. కింద రాసినవన్నీ ఎక్కువగా ఆ దుప్పటి తెచ్చిన రోగాలే.

ఏ లక్షణమూ లేదు, బండి బాగానే ఉంది

అన్నిటికంటే ప్రమాదం ఇదే, అందుకే ముందు పెట్టాను. ఈ 904 సీసీ ఇంజన్‌లో వాల్వుల్ని ఆడించే క్యామ్‌లని తిప్పేవి రెండు రబ్బరు బెల్టులు. అరిగితేనే పోతాయనుకోకండి, ఊరికే ఉన్నా వయసు మీదపడి పోతాయి. ఏళ్ళ తరబడి ఒకే వంపులో నిలబడిన చోట రబ్బరు పగుళ్ళిస్తుంది. పరిగెత్తుతుండగా బెల్టు తెగిందా, పిస్టన్ వెళ్ళి వాల్వుని గుద్దుతుంది. వంద డాలర్ల సరుకుతో పోయేది ఇంజన్ దాకా వస్తుంది.

మైళ్ళతో పని లేదు, రెండేళ్ళకోసారి మార్చేయండి. చివరిసారి మార్చిన రసీదు చేతికి రాకపోతే మార్చలేదనే లెక్క. అప్పటిదాకా "ఒక్కసారి సౌండ్ విందాం" అని కూడా స్టార్ట్ చెయ్యకండి. బెల్టు బిగువు చూడ్డం గేజ్ ఉన్నవాళ్ళ పని.

నెమ్మదిగా పోతే బాగుంటుంది, వేగం పెంచితే చచ్చిపోతుంది

తమ్ముడి బండికి వచ్చింది ఇదే. ఐడిల్ చక్కగా ఉంది. ఐదు వేల ఆర్పీఎం దాటి థ్రాటిల్ తిప్పితే గొంతు పట్టేసినట్టు ఆగిపోతోంది, వదిలితే మళ్ళీ మామూలే. ప్లగ్గులు మార్చాడు, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. ఒక షాపువాళ్ళు కంప్యూటర్ బాక్సు పోయిందని చెప్పి పెద్ద బిల్లే రాసిచ్చారు.

"ముందు ట్యాంకులో చెయ్యి పెట్టరా" అన్నాను. పెట్రోలు పంపుకీ ఫిల్టరుకీ మధ్య చిన్న గొట్టం ఉంటుంది, అదీ పెట్రోల్లోనే మునిగి ఉంటుంది. వీడియో కాల్‌లో చూపించాడు. పైకి నల్లగా, నున్నగా, ఏ లోపమూ లేదు. "రెండు వేళ్ళతో వంచు" అన్నాను. వంచగానే క్లిప్పు పక్కన గోరంత చీలిక చేప నోరులా తెరుచుకుంది. ఇంజెక్టర్లకి మూడు బార్ ఒత్తిడి కావాలి. ఆ చీలిక లోంచి సగం పెట్రోలు తిరిగి ట్యాంకులోకే కారిపోతుంటే బయట చుక్క కనపడదు. నెమ్మదిగా పోయినప్పుడు మిగిలింది సరిపోతుంది, వేగంలో సరిపోదు.

మార్చేటప్పుడు చేసే తప్పు ఒకటుంది. ఇంజెక్షన్ గొట్టం అని రాసి ఉన్నది తెచ్చి వేస్తారు. మామూలు గొట్టం లోపల పెట్రోలుని తట్టుకుంటుంది, బయట తట్టుకోదు. మునిగి ఉండే రకం, అంటే 30ఆర్10 అని రాసి ఉన్నది కావాలి. జానెడు ముక్కకి ఆ ధరా అనిపిస్తుంది, అయినా కొనండి. ఫిల్టరు కూడా అప్పుడే మార్చేస్తే మళ్ళీ విప్పక్కర్లేదు. పెట్రోల్లో నానిన ఓ-రింగ్ ఉబ్బి గాడిలో పట్టదు, కొత్తది దగ్గర పెట్టుకునే పని మొదలెట్టండి. పని ఆరుబయట, బ్యాటరీ తీసేసి.

క్లచ్ లీవర్ మెత్తగా ఉంది, న్యూట్రల్ పడట్లేదు

ఎడమవైపు, ముందు స్ప్రాకెట్ దగ్గర ఇంజన్ మీద క్లచ్ స్లేవ్ సిలిండర్, అంటే లీవర్ నొక్కితే ద్రవం ఒత్తిడితో క్లచ్‌ని విడదీసేది, ఉంటుంది. దాని కింద వేలు పెట్టి చూడండి. తడిగా, జిడ్డుగా తగిలితే సీలు పోయినట్టే. డాట్ 4 ద్రవం అది, రంగుని తినేస్తుంది. వెంటనే నీళ్ళతో కడగండి. సీలు మార్చాక గాలి పూర్తిగా తీయాలి. లీకు లేకుండానే లీవర్ మెత్తగా ఉంటే గాలి తీయడంతోనే సరిపోవచ్చు.

లీవర్ గట్టిగానే ఉండి, గేరు వెయ్యగానే బండి ఎగిరి ఆగిపోతే ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఇంజన్ ఆపి, గేరులో పెట్టి, క్లచ్ నొక్కి పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. విడకపోతే విప్పి దుమ్ము దులపాలి.

క్లచ్ నొక్కితే గలగలమంటోంది

ఏమీ చెయ్యకండి. డ్రై క్లచ్, అంటే నూనెలో మునగని క్లచ్, అలాగే మాట్లాడుతుంది. డబ్బులిచ్చి కొనుక్కున్నదే ఆ గలగల.

సిలిండర్ పైభాగం నుంచి టకటక వస్తే మాత్రం వేరే సంగతి. డెస్మో అనే ఈ డుకాటి పద్ధతిలో వాల్వుని తెరిచేదీ రాకర్ అనే చిన్న మీటే, మూసేదీ రాకరే. ఆ కాలపు రెండు వాల్వుల ఇంజన్లలో రాకర్ మీది క్రోమ్ పూత పొట్టులా లేవడం జరుగుతుంటుంది. నూనె మార్చేటప్పుడు జాలీ ఫిల్టరులో మెరిసే రేకులు కనిపిస్తే కవర్లు విప్పి చూడాల్సిందే.

సెల్ఫ్ కొడితే టక్‌మని ఊరుకుంటుంది

ముందు బ్యాటరీ. నిండుగా ఉంటే 12.6 వోల్టులు దాటాలి. అది బాగుంటే ఎర్త్ వైరు బోల్టు విప్పి, గీకి, బిగించండి. స్టార్టయ్యాక థ్రాటిల్ ఇస్తే 14 వోల్టుల దగ్గరికి రాకపోతే ఛార్జింగ్ రెగ్యులేటర్ కనెక్టర్ చూడండి, గోధుమరంగులోకి మాడి ఉంటుంది.

వంద మైళ్ళకే ఆగిపోయింది

ట్యాంకే 8.5 లీటర్లు. పెట్రోలు కొట్టించండి.

మలుపులో జారుతున్నట్టుంది

టైరు పక్కన నాలుగంకెల ముద్ర చూడండి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. తమ్ముడి దాని మీద ఉన్నది 3701. "అన్నా, ఒరిజినల్ టైర్లు తీసేస్తే విలువ పడిపోదా?" అన్నాడు. తీసి, సంచిలో చుట్టి, అటక మీద పెట్టమన్నాను. అమ్మేరోజు వాటినీ ఇవ్వొచ్చు. ఇప్పుడు వాడి బండికి కొత్త టైర్లు, అటక మీద పాతవి, పాత బెల్టులు రెండూ డబ్బాలో. చీలిన గొట్టం ముక్క మాత్రం తాళాల గుత్తికి తగిలించుకున్నాడు.