విదేశాల నుంచి వచ్చిన పిల్లలతో కర్నూలు చుట్టుపక్కల శనాదివారాలు తిరగడం ఎలా?

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండే మన పిల్లలకు శనాదివారం అంటే ఒక పద్ధతి అలవాటైపోయి ఉంటుంది. శుక్రవారం రాత్రే కూలర్ బాక్సు సర్దుతారు, పొద్దున్నే కారెక్కి ఏ పార్కుకో చెరువుకో పోతారు. అదే పిల్లలు సెలవులకు కర్నూలు వస్తే శనాదివారాలన్నీ బంధువుల ఇళ్లలో సోఫాల మీద కూర్చోవడంతోనే సరిపోతుంది. "మన ఊర్లో ఏముందని చూపిస్తావు, హైదరాబాద్ పిల్చుకొని పో" అని ఇంట్లో పెద్దవాళ్లే అనేస్తారు. నేను ఒప్పుకోను. గుహలు, కోనేర్లు, అశోకుడి శాసనాలు అన్నీ ఒక పూట ప్రయాణంలో ఉన్న ఊరు మనది. కాకపోతే ఇక్కడ మ్యాపు చూసి కాదు, గడియారం చూసి ప్లాన్ వేసుకోవాలి.

ముందు నెల చూసుకోండి

అమెరికా వాళ్లు ఎక్కువగా జూన్, జూలైలో వస్తారు. గల్ఫ్ వాళ్లు జూలై, ఆగస్టులో. ఆస్ట్రేలియా బడులకు పెద్ద సెలవులు డిసెంబరు, జనవరిలో కాబట్టి ఆ పిల్లలు అదృష్టవంతులు, వాళ్లకు ఏ ప్లాన్ అయినా నడుస్తుంది. జూన్‌లో వచ్చేవాళ్లు మాత్రం ఒక నియమం పెట్టుకోండి: పది దాటాక పిల్లలు బండల మీద ఉండకూడదు. తెల్లారేసరికి బయల్దేరడం, మధ్యాహ్నం నీడలోనో ఏసీలోనో ఉండడం, అంతే.

దిగిన మొదటి శనివారాన్ని జెట్‌లాగ్ పేరుతో వదిలేయకండి. పిల్లలు ఎలాగూ తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. వాళ్లను ఆలంపురం తీసుకుపోండి. సుమారు పాతిక కిలోమీటర్లే. తుంగభద్ర వంతెన దాటగానే తెలంగాణ వస్తుంది. బాదామి చాళుక్యుల కాలంలో, ఏడో శతాబ్దం నుంచి కట్టిన నవబ్రహ్మ ఆలయాలు అక్కడున్నాయి. బాల బ్రహ్మ, కుమార బ్రహ్మ, వీర బ్రహ్మ అని పేర్లన్నీ బ్రహ్మవే, లోపల ఉండేది మాత్రం శివుడు. ఈ తిరకాసు పిల్లలకే వదిలేయండి, గుడి గుడికీ వాళ్లే పరిగెత్తి చూసొస్తారు.

బండి మాట్లాడుకోవడం

అక్కడ కారు నడిపే అలవాటుందని ఇక్కడా స్టీరింగ్ పట్టుకోవద్దు. బాడుగ బండే నయం. కిలోమీటరుకు ఎంత, డ్రైవరు బత్తా ఎంత, టోల్ ఎవరిది అన్నవి ముందే తేల్చుకోండి. ముఖ్యంగా వెనక సీటు బెల్టులు పనిచేస్తాయా అని అడగండి. చాలా బండ్లలో అవి సీటు కవరు కింద ఎక్కడో ఉంటాయి. ముందు రోజు సాయంత్రమే బండిని ఇంటికి రమ్మని, కవరు ఎత్తి, బకిల్ బయటికి లాగి, టక్కుమని పడుతుందో లేదో చూసుకోండి. చిన్నపిల్లలుంటే అక్కడి నుంచి బూస్టర్ సీటు తెచ్చుకోవడమే మంచిది, బాడుగ బండ్లలో అది దొరకదు.

పిల్లలవి విదేశీ పాస్‌పోర్టులైతే ఓసీఐ కార్డులు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేవి) బ్యాగులో పెట్టుకోండి. విదేశీయులకు వేరే టికెట్ ఉన్న చారిత్రక కట్టడాల దగ్గర ఓసీఐ ఉన్నవాళ్లకు మనవాళ్ల టికెట్టే వర్తిస్తుంది.

డబ్బాలో ఏం పెట్టాలి

దారిలో హోటల్ వెతుక్కునే పని పెట్టుకోకండి. ఉగ్గాని చాలు. బొరుగులు నానబెట్టి పిండి, తిరగమాతలో కలిపాక, పచ్చిమిర్చి ముద్ద వేసేముందే పిల్లల వాటా తీసి పక్కన పెట్టి, దాని మీద పుట్నాల పొడి చల్లండి. బజ్జీలు పెద్దవాళ్లకు. "ఒక్కటి తిననీలేమ్మా, ఏం కాదు" అని అవ్వ అంటుంది. వినకండి. మన బజ్జీ మిరపకాయ పిల్లల నోట్లో పడిందంటే ఆ పూట ప్రయాణం అయిపోయినట్టే. నీళ్లు మాత్రం ఇంటి నుంచే, అనుకున్నదానికి రెట్టింపు.

అసలు ప్రయాణం: యాగంటి, బెలుం

ఒక్క ఆదివారమే దొరికితే ఇదే చేయండి. ఐదున్నరకల్లా ఇల్లు కదలండి. ఓర్వకల్లు, పాణ్యం మీదుగా బనగానపల్లె, అక్కడి నుంచి యాగంటి. బేనిషా మామిడికి ఆ పేరు ఈ బనగానపల్లె నుంచే వచ్చింది. జూన్‌లో అయితే పండ్లు ఇంకా దొరుకుతాయి, తిరుగు ప్రయాణంలో కొనుక్కోండి. పొద్దున్నే కొంటే బండంతా వాసనే.

యాగంటిలో నంది పెరుగుతోందని మనవాళ్లు నమ్ముతారు. నంది చుట్టూ ప్రదక్షిణకు ఒకప్పుడు ఉన్న చోటు ఇప్పుడు లేదని తాత చెప్పనీయండి, వాదించకండి. రాయి పెరుగుతుందా లేదా అని మనవడు అడిగే ప్రశ్నల సంగతి తాతే చూసుకుంటాడు. అక్కడ కాకి కనపడదని కూడా అంటారు, వెతికే పని పిల్లలకు పెట్టండి. కొండలోని గుహల మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కోనేటి దగ్గరే కూర్చోవడం మంచిది.

బెలుం గుహలు పదింటికి తెరుస్తారు. ఎండ ముదిరేలోపు లోపలికి దిగిపోవాలి. అమెరికాలో గుహలు చూసిన పిల్లలు చలి ఉంటుందనుకొని జాకెట్ అడుగుతారు. ఇక్కడ అంతా తారుమారు, లోపల ఉక్కపోత. పలుచటి నూలు బట్టలు, జారని బూట్లు వేయండి. పొడవు 3,229 మీటర్లు, అందులో జనాన్ని పోనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీని గురించి రాశాడు. ఆ తర్వాత 1980లలో జర్మన్ల బృందం కొలిచింది. సందర్శకులకు తెరిచింది 2002లో. నేల కింద ప్రవహించిన నీళ్లే సున్నపురాయిని తొలిచి ఈ దారులు చేశాయి. గోడల మీద ఆ నునుపు తెలుస్తుంది, పిల్లల చేత తాకించి చూపించండి. అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ, 46 మీటర్లు. అక్కడి దాకా పోవాల్సిందేనని పట్టు పట్టొద్దు. ఆయాసం, రక్తపోటు ఉన్నవాళ్లు మొదటి పెద్ద గది వరకు వచ్చి వెనక్కి తిరిగితే చాలు.

బయటికొచ్చాక ఇంకో చోటు కలపాలనిపిస్తుంది. కలపకండి. అన్నం తినిపించి బండెక్కిస్తే పాణ్యం రాకముందే అందరూ నిద్రపోతారు.

మిగిలిన వారాలకు

నీళ్లలో ఆడే పిల్లలైతే మహానంది. కోనేటి నీళ్లు అడుగు కనపడేంత తేటగా ఉంటాయి. మారు బట్టలు మరిచిపోవద్దు.

వానలు మొదలయ్యాక వచ్చినవాళ్లకు జొన్నగిరి, తుగ్గలి వైపు ఇంకో సరదా ఉంది. తొలకరి పడగానే జనం చేలల్లో వజ్రాల కోసం వెతుకుతుంటారు. చేను ఎవరిదో కనుక్కొని అడిగి దిగండి, విత్తనం వేసిన చేలో అడుగు పెట్టొద్దు. వజ్రం దొరకకపోయినా రంగురాళ్లతో జేబులు నిండుతాయి. అటు వెళ్లినప్పుడే ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలు చూపించండి. అందులో ఒక శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు. ఆ బ్రాహ్మి లిపి చదవడం రాకపోయినా, ఏ వరుస ఎటు పోతోందని వెతకడం పిల్లలకు ఆటే.

గండికోట మాత్రం ఒక్క పూటలో చుట్టి వచ్చేది కాదు. కడప జిల్లా, జమ్మలమడుగు దాటి పోవాలి. సూర్యోదయం చూడాలంటే రాత్రి అక్కడే ఉండాలి, శనివారాలు గదులు త్వరగా నిండిపోతాయి కాబట్టి విమానం టికెట్లు తీసుకున్నప్పుడే గది సంగతీ చూసుకోండి. పెన్నా లోయ అంచున బండల మీద చాలా చోట్ల కంచె ఉండదు. అక్కడ పిల్లల చెయ్యి వదలకండి, ఫొటో ఇంకొకరు తీస్తారు.