గుండె మాత్రలకు తోడు సప్లిమెంట్లు మొదలుపెట్టే ముందు

తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి చెకప్‌కు వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు సప్లిమెంటు డబ్బా కూడా సంచిలో వేసుకోండి. పేరు చెబితే చాలదు, మోతాదు లేబుల్ మీదే ఉంటుంది.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారా? కోక్యూ10 అనే సప్లిమెంటు దాని పనిని తగ్గించవచ్చు. డాక్టరును అడిగి, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూసే పరీక్ష) చూపించుకున్నాకే మొదలుపెట్టండి. 2014లో వెలువడిన క్యూ-సింబియో అధ్యయనంలో, గుండె వైఫల్యం ఉన్న 420 మందిలో దాదాపు సగం మందికి రోజుకు 300 మి.గ్రా. కోక్యూ10 ఇస్తే మేలు కనిపించింది. కానీ మామూలు మందులకు తోడుగానే ఇచ్చారు, అవి మాన్పించి కాదు. దయచేసి ఈ ఒక్క మాట ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి.

రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ అనే గుండె మాత్రలు వేసుకునేవాళ్లు సోడియం తక్కువ ఉప్పు సొంతంగా కొనొద్దు. అందులో పొటాషియం ఉంటుంది. రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పుతుంది.

చేప నూనె మాత్రలు ఎక్కువైనా లయకు ముప్పే.

ఏ మాత్ర ధైర్యమిచ్చినా, డాక్టరు సరేననకుండా అలిపిరి 3,550 మెట్లు ఎక్కొద్దు. ఛాతీ పట్టేస్తే వెంటనే 108.