వింత ఆల్బమ్ నచ్చలేదా? రెండోసారి ఇలా వినండి

ప్రయోగాత్మక ఇండీ పాప్ ఆల్బమ్ మొదటిసారి వింటే గోలగోలగా అనిపించి మూడో పాటకే ఆపేసేవాళ్లు చాలామంది, అలా ఆపేయకండి, ముందు షఫుల్ తీసేసి చూడండి. ఇలాంటి ఆల్బమ్‌లలో ఒక పాట చివర మిగిలిన శబ్దంలోంచే తర్వాతి పాట మొదలవుతుంటుంది, వరస మారితే ఆ అతుకు తెగిపోతుంది. ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్ సెట్టింగ్ కూడా ఆఫ్ చేయండి.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు. అమెరికన్ బ్యాండ్ యానిమల్ కలెక్టివ్ 2009లో తెచ్చిన మెర్రీవెదర్ పోస్ట్ పెవిలియన్‌నే తీసుకోండి, గిటార్ పక్కన పెట్టి ఎక్కువగా శాంప్లర్లతో (రికార్డు చేసిన శబ్దాల ముక్కల్ని వాయించే పరికరాలతో) కట్టిన ఆల్బమ్ అది, దాని బలమంతా కింది బేస్‌లో, ఒకదాని మీద ఒకటి పరుచుకునే ఇద్దరి గొంతుల్లో ఉంది. చిన్న స్పీకర్ ఆ బేస్‌ను మింగేస్తుంది, ఇక మిగిలేది గోలే. మామూలు హెడ్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు.

అసలు కిటుకు రెండోసారి వినడంలో ఉంది. అన్నీ ఒకేసారి పట్టుకోవాలని చూడకుండా ఒక్క శబ్దాన్ని ఎంచుకుని, డ్రమ్స్ కావచ్చు, వెనకాల తిరిగి తిరిగి వచ్చే చిన్న లూప్ కావచ్చు, పాట అయ్యేదాకా దాన్నే వెంటాడండి. అది ఎక్కడ ఆగింది, ఎక్కడ ఇంకోటి వచ్చి కలిసింది అని గమనిస్తుంటే, గందరగోళం అనుకున్న చోటే చక్కటి ట్యూన్ దొరుకుతుంది. నాకైతే ఆ క్షణం కోసమే ఇలాంటి సంగీతం ఇష్టం. సాహిత్యం మూడోసారికి ఉంచుకోండి, ముందే చదివితే చెవి మాటల వెంటే పోతుంది.