నూలు గుడ్డకి సహజ రంగు మచ్చలు మచ్చలుగా పడుతోందా? నా అనుభవం

కొత్త నూలు గుడ్డకి మంజిష్ఠ (ఎర్ర రంగునిచ్చే వేరు) రంగు వేస్తే ఒకచోట ముదురు, పక్కనే వెలవెల. రంగు పోగుకి పట్టుకోవడానికి వేసే పటిక పెంచాను, రాత్రంతా నానబెట్టాను, ఇంకాసేపు ఉడికించాను, లాభం లేదు.

చివరికి పనిచేసింది ఇది. పొడి గుడ్డని తూకం వేసి, కిలోకి 20 గ్రాముల లెక్కన వాషింగ్ సోడా, కొంచెం సబ్బు కలిపిన నీళ్లలో పూర్తిగా ముంచి, సన్న సెగ మీద గంటసేపు మరగనిచ్చాను. తెల్లటి గుడ్డలోంచి టీ డికాక్షన్‌లాంటి నీళ్లు దిగాయి! పత్తి పోగుకి సహజంగా ఉండే మైనం, పెక్టిన్ అనే జిగురు పదార్థం అదంతా. బాగా జాడించి ఆరాక ఒక నీటిచుక్క వేసి చూశాను. పైన నిలబడకుండా చటుక్కున ఇంకింది. ఆ తర్వాతే పటిక, రంగు. ఈసారి సమంగా పట్టింది.

అన్ని గుడ్డలకీ, అన్ని నీళ్లకీ ఇలాగే వస్తుందని చెప్పలేను. పట్టుకీ ఉన్నికీ మాత్రం ఈ సోడా వద్దు, పోగు పాడవుతుంది.